60 లీటర్ల రీఫ్ ట్యాంక్‌లో పచ్చ పాచి, ఎంత తీసినా మళ్లీ వస్తోంది

గవ్వలగూడు

అందరికీ నమస్కారం. నాది 60 లీటర్ల చిన్న రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, డ్రై రాక్‌తో (జీవాలేవీ లేని ఎండు రాళ్లతో) మొదలుపెట్టి ఏడు నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, మూడు నత్తలు, పగడాల్లో ఒక హ్యామర్, రెండు రకాల జోవాంథిడ్స్ ఉన్నాయి. మొదటి నాలుగు నెలలు అంతా బాగుంది. తర్వాత వెనక రాయి మీద చిన్న పచ్చ కుచ్చు ఒకటి కనబడితే చూడ్డానికి బాగానే ఉందిలే అని వదిలేశాను. ఇప్పుడు రాళ్లన్నీ దానితోనే నిండిపోయాయి, రెండు అంగుళాల పొడవున జుట్టులా ఊగుతోంది, జోవాంథిడ్స్ సగం దాని కింద ముడుచుకుపోయాయి. మూడు రోజులు లైటు ఆపి, ట్యాంక్‌కు దుప్పటి కప్పి చూశాను. కాస్త పలచబడింది కానీ పది రోజుల్లో మళ్లీ మామూలే.

నైట్రేట్ 5, ఫాస్ఫేట్ మీటర్లో 46 అని వస్తోంది, అంటే 0.046 కదా. ఉప్పదనం 1.025, వేడి 26 డిగ్రీలు, ఆల్కలినిటీ 8.5. లైటు రోజుకు 12 గంటలు. వారానికి ఒకసారి 6 లీటర్ల నీళ్లు మారుస్తాను, లవణాలన్నీ తీసేసిన ఆర్‌ఓ డీఐ నీళ్లే వాడతాను. నీళ్లు ఇంత బాగున్నప్పుడు పాచి దేన్ని తిని పెరుగుతోందో అర్థం కావడం లేదు. నిజంగా టెన్షన్‌గా ఉంది, హ్యామర్ నా మొదటి పగడం, దాన్ని పోగొట్టుకోదలచుకోలేదు.

అలజడి

బ్రో, ఎక్కువ ఆలోచించకండి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తీసుకుని 40 లీటర్లకు 1 మి.లీ. చొప్పున రోజూ పోయండి, దాంతో పాటు ఫాస్ఫేట్ పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు, అదే జీఎఫ్ఓ, ఒక సంచిలో వేసి ఫిల్టర్లో పెట్టండి. ఫాస్ఫేట్ సున్నాకి దించితే పాచి తిండి లేక చస్తుంది. నేను అలాగే వదిలించుకున్నాను.

సముద్రం14

తమ్ముడూ, ఏదైనా పోసే ముందు ఆగు. అలజడి గారూ, ఆయన ట్యాంక్‌లో క్లీనర్ రొయ్య ఉందని రాశారు చూడండి. పెరాక్సైడ్‌కు ముందు దెబ్బతినేవి ఆ రొయ్యలే. రాయిని బయటకు తీసి పాచి ఉన్న చోట మాత్రం రెండు చుక్కలు రాసి, నిమిషం ఆగి, ఉప్పునీళ్లలో కడిగి పెట్టడం వేరు, ట్యాంక్ మొత్తానికి రోజూ పోయడం వేరు.

ముందు మూడు సంగతులు తేలాలి. ఒకటి, ఆ పాచి దగ్గరి నుంచి ఎలా ఉంది? ఒక పోగు నీళ్లలోంచి తీసి చూడు. ఈకలా మధ్యలో కాడ, రెండు పక్కలా పిల్ల కొమ్మలు కనబడితే అది బ్రయాప్సిస్, దాని దారి వేరు. తడి జుట్టులా ముద్దయిపోయి, లాగితే తేలిగ్గా ఊడివస్తే మామూలు హెయిర్ ఆల్గే. రెండు, నీ ఆర్‌ఓ డీఐ నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) ఎంత? వాడుతున్నానన్నావు గానీ కొలిచావా? మూడు, ఆ మీటర్ మీద ఫాస్ఫేట్ అని ఉందా, ఫాస్ఫరస్ అని ఉందా? ఈ మూడోదాని గురించే నాకు అనుమానంగా ఉంది.

గవ్వలగూడు

అన్నా, ఈకలా లేదు, ముద్దగా అయిపోతోంది, చేత్తో లాగితే చాలా వరకు వచ్చేస్తోంది. టీడీఎస్ ఇవాళే కొలిచాను, 9 వచ్చింది! డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టే గుళికలు) మార్చి ఆరు నెలలు దాటింది. మీటర్ పెట్టె తీసి చూస్తే ఫాస్ఫరస్ పీపీబీ అని రాసి ఉంది. అది ఫాస్ఫేట్ కాదా?

పగడాలపడవ

కాదు, కొత్తవాళ్లలో చాలామంది పడే పొరపాటు ఇదే. ఫాస్ఫరస్‌ను ఫాస్ఫేట్‌గా మార్చాలంటే 3.066తో గుణించాలి. నీ 46ను గుణిస్తే 141 పీపీబీ (వంద కోట్లకు 141 వంతులు), అంటే 0.14 పీపీఎం (పది లక్షలకు 0.14 వంతు). నువ్వు అనుకున్నదానికి మూడు రెట్లు. కొన్ని నైట్రేట్ కిట్లలో కూడా ఇదే చిక్కు ఉంది, నైట్రేట్‌లోని నైట్రోజన్‌ను మాత్రమే చూపిస్తాయి, దాన్ని 4.43తో గుణించాలి. కాబట్టి ఆ పెట్టె మీద ఏం రాసి ఉందో కూడా ఒకసారి చూసుకో.

అయితే 0.14 అనగానే భయపడాల్సింది ఏమీ లేదు. అంతకంటే ఎక్కువున్నా పగడాలు హాయిగా పెరిగే ట్యాంకులు ఉన్నాయి. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఆ అంకె పాచి తినగా మిగిలినది. రోజూ మేత ద్వారా ఎంత పడుతోంది, రాళ్లలోంచి ఎంత ఊరుతోంది అనేది మీటర్ చెప్పదు. నిండా పాచి ఉన్న ట్యాంక్‌లో టెస్ట్ సున్నా చూపించడం కూడా మామూలే, వచ్చింది వచ్చినట్టు పాచే తినేస్తుంది కదా.

రాళ్ల సంగతి ఎందుకంటే, అవి కాల్షియం కార్బొనేట్. నీళ్లలో ఫాస్ఫేట్ ఎక్కువున్నప్పుడు దాన్ని పట్టుకుంటాయి, నీళ్లలో తగ్గినప్పుడు తిరిగి వదులుతాయి. ఇవాళ నీళ్లు మార్చి దించితే రెండు రోజుల్లో మళ్లీ అదే అంకె కనబడేది అందుకే. దీన్ని నెలల మీద మెల్లగా దించాలి.

నత్తనడక

లైటు 12 గంటలు చాలా ఎక్కువ, 8కి తగ్గించండి. ఆ ఎనిమిదిలో కూడా తెలుపు, ఎరుపు బాగా తగ్గించి నీలం ఉంచండి. కిటికీలోంచి ఎండ పడుతోందా అన్నది కూడా చూసుకోండి.

మూడు నత్తలు అన్నారు, ఏవి? నాసారియస్ అయితే అవి పాచి తినవు, ఇసుకలో పడుకుని మిగిలిన మేత తింటాయి. ఈ పనికి ట్రోకస్ నత్తలు మంచివి, బోర్లా పడినా తమంతట తామే తిరుగుతాయి. ఆస్ట్రియా కూడా బాగా తింటుంది కానీ ఇసుక మీద వెల్లకిలా పడితే తిరగలేదు, మనం చూడకపోతే అక్కడే చచ్చిపోతుంది. టర్బోకి ఆకలి ఎక్కువ, బలం కూడా ఎక్కువే, అతికించని పగడాలన్నీ తోసేస్తుంది. మీ ట్యాంక్‌కు ఐదారు ట్రోకస్‌లు చాలు. ఒక్క మాట, ఏ నత్తా రెండు అంగుళాల పాచిని తినదు. మీరు పొట్టిగా చేసి ఇస్తే మళ్లీ పెరగకుండా అవి కాపలా కాస్తాయి.

అలజడి

సీ హేర్ అనే పాచి తినే సముద్రపు జీవి ఒకటి వేస్తే వారంలో మొత్తం తినేస్తుంది కదా?

నత్తనడక

తినేస్తుంది, ఆ తర్వాత? 60 లీటర్లలో పాచి అయిపోగానే దానికి తిండి ఉండదు, కళ్లముందే చిక్కి చిక్కి చస్తుంది. పంపులో ఇరుక్కున్నా, బెదిరినా సిరాలాంటి రంగు వదులుతుంది, చిన్న ట్యాంక్‌లో చేపలకు అది ప్రమాదం. ఎవరి దగ్గరైనా నాలుగు రోజులకు అడిగి తెచ్చుకుని తిరిగి ఇచ్చేయగలిగితే సరే. ఒక జీవిని పనిముట్టులా తెచ్చి, పని అయ్యాక ఆకలితో చావనివ్వడం నేను ఒప్పుకోను. పాచి తినే ట్యాంగ్ చేపల సంగతి కూడా అంతే, వాటికి ఈదడానికి ఈ ట్యాంక్ చాలదు.

సముద్రం14

నత్తనడక గారు చెప్పింది అక్షరాలా నిజం. నా వరుస చెబుతాను తమ్ముడూ, ఇది నేను రెండు ట్యాంకుల్లో చేసినదే.

ముందు డీఐ రెజిన్ మార్చు, టీడీఎస్ సున్నా వచ్చేదాకా ఆ నీళ్లు ట్యాంక్‌లో పోయొద్దు. రోజూ ఆవిరైన నీళ్లకు బదులు పోసేవి కూడా అవే కాబట్టి ఆ 9 రోజురోజుకూ పేరుకుంటూ పోతుంది.

తర్వాత చేత్తో తీయడం. దీన్ని అందరూ చిన్నచూపు చూస్తారు గానీ సగం పని ఇదే. ట్యాంక్ నీళ్లు ఒక బకెట్‌లోకి తీసుకుని, బయటకు వచ్చే రాయిని అందులో పెట్టి, గట్టి టూత్‌బ్రష్‌తో పాచి మొదలు దాకా రుద్ది, అదే నీళ్లలో జాడించి తిరిగి పెట్టు. ట్యాంక్ లోపల రుద్దితే తునకలు నాలుగు మూలలా చేరి అక్కడ మళ్లీ మొలుస్తాయి. బయటకు రాని రాళ్ల దగ్గర సన్నని గొట్టం చివర బ్రష్ కట్టి, రుద్దుతూ అక్కడికక్కడే పీల్చు. ఒక్కరోజులో మొత్తం చేయొద్దు, వారానికి ట్యాంక్‌లో మూడో వంతు చాలు. పాచి అంతా ఒక్కసారి చచ్చి కుళ్లితే అందులోని నైట్రేట్, ఫాస్ఫేట్ మళ్లీ నీళ్లలోకే వస్తాయి. నువ్వు లైటు ఆపి దుప్పటి కప్పిన తర్వాత జరిగింది అదే.

జోవాంథిడ్స్ ఉన్న రాయిని రుద్దేటప్పుడు చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కొన్ని జాతుల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఆ రాయిని వేడినీళ్లలో వేయడం, మరిగించడం ఎప్పుడూ చేయకు, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు.

జీఎఫ్ఓ వాడొచ్చు, నేను వద్దనను. పెట్టె మీద రాసిన దానిలో నాలుగో వంతుతో మొదలుపెట్టి, రెండు రోజులకోసారి కొలుచుకుంటూ వెళ్లు. 0.05 దగ్గర ఆపేయ్. సున్నా మాత్రం వద్దు.

నీలికాంతి

మేత గురించి ఎవరూ అనలేదు. ఫ్రోజెన్ మేత కరిగించిన నీళ్లు పారబోస్తే చాలు అనుకుంటారు, నేనూ చాన్నాళ్లు అలాగే చేశాను. ఆ నీళ్లలో పోయే ఫాస్ఫేట్ కొంచెమే, అసలుది మేతలోనే ఉంటుంది. కడగడం కంటే ఎంత వేస్తున్నామన్నది ముఖ్యం. రెండు క్లౌన్ చేపలకు నిమిషంలో అయిపోయేంత చాలు.

వెనక ఫిల్టర్ గదిలో చోటుంటే చిన్న లైటు పెట్టి కీటోమార్ఫా పెంచండి, అది గుబురుగా పెరిగే పాచే, కానీ మనకు కావలసిన చోట పెరుగుతుంది. దాని లైటు రాత్రిపూట వెలిగేలా పెడితే రాత్రి పీహెచ్ పడిపోవడం కూడా తగ్గుతుంది. నెలకోసారి పిడికెడు తీసి పారేస్తే అంత నైట్రేట్, ఫాస్ఫేట్ బయటకు పోయినట్టే.

గవ్వలగూడు

అందరికీ చాలా థాంక్స్. రెజిన్ ఆర్డర్ పెట్టాను, లైటు 8 గంటలు చేశాను. ఆదివారం మొదటి రాయి బయటకు తీస్తాను.

గవ్వలగూడు — నాలుగు వారాల తర్వాత

ఒక మంచి వార్త, ఒక చెడ్డ వార్త. పచ్చ పాచి ముప్పాతిక వంతు పోయింది. మొదటి రెండు వారాలు మీరు చెప్పినట్టే చేశాను. తర్వాత ఇంకా త్వరగా పోతుందన్న ఆశతో జీఎఫ్ఓ పూర్తి కొలత వేశాను, మూడు రోజులు ఆగి మళ్లీ కొత్తది వేశాను. ఇప్పుడు ఫాస్ఫరస్ 0, నైట్రేట్ 0. వారం నుంచి ఇసుక మీద, రాళ్ల మీద గోధుమ రంగు జిగురు, చీమిడిలా తీగలు సాగుతోంది, ప్రతి తీగ చివరా గాలి బుడగ. రాత్రి లైటు ఆరాక దాదాపు కనబడదు, మధ్యాహ్నానికి మళ్లీ నిండుతుంది. హ్యామర్ సగమే తెరుచుకుంటోంది. రెండు నత్తలు చచ్చిపోయాయి. చాలా బాధగా ఉంది, తప్పు నాదే.

పగడాలపడవ

బాధపడకు, ఇది చక్కబడుతుంది. ముందు జీఎఫ్ఓ ఇప్పుడే తీసెయ్, మిగతాది చదవడం ఆ తర్వాత.

నువ్వు చెప్పిన లక్షణాలన్నీ డైనోఫ్లాజెలేట్లవి, అంటే డైనోలు అనే ఏకకణ జీవులవి. గోధుమ రంగు చూసి డయాటమ్స్ (మరో రకం ఏకకణ పాచి) అనుకునే ప్రమాదం ఉంది, కానీ డయాటమ్స్ పొడిలా పరుచుకుంటాయి, ఇలా తీగలు సాగవు, నత్తలు వాటిని తిని బతుకుతాయి. సయనోబ్యాక్టీరియా అయితే ఎక్కువగా ముదురు ఎరుపు రంగులో దుప్పటిలా ఉంటుంది, లాగితే పొరగా లేస్తుంది. అది అసలు పాచి కూడా కాదు, బ్యాక్టీరియా.

ఇంట్లో చేసే పరీక్ష ఒకటి ఉంది. ఆ జిగురు కాస్త ట్యాంక్ నీళ్లతో సహా సీసాలోకి తీసుకుని గట్టిగా కుదుపు, సన్నని వడపోత కాగితంలోంచి వంచు, దిగిన నీళ్లను గంటసేపు వెలుతురులో ఉంచు. మళ్లీ తీగలుగా ముద్దకట్టిందంటే డైనోలు. కానీ ఏ రకమో తెలియాలంటే మైక్రోస్కోప్ కావాలి. పిల్లలు చదువుకు వాడేది 400 రెట్లు చూపిస్తే చాలు.

పచ్చ పాచి, రాళ్ల మీది బ్యాక్టీరియా, డయాటమ్స్, ఇవన్నీ చోటు కోసం ఒకదానితో ఒకటి పోటీ పడుతుంటాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా అయ్యేసరికి అవన్నీ నీరసపడతాయి, ఖాళీ అయిన చోటును డైనోలు పట్టుకుంటాయి. డ్రై రాక్‌తో మొదలైన ట్యాంకుల్లో ఇది ఎక్కువ చూస్తాం, అందులో పోటీకి వచ్చే జీవాలే తక్కువ కాబట్టి.

గవ్వలగూడు

మైక్రోస్కోప్ దొరికింది. నీటిబొట్టు ఆకారంలో, ఒక కొస సన్నగా, దారంతో కట్టేసినట్టు ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. వందల కొద్దీ ఉన్నాయి.

సముద్రం14

అది ఆస్ట్రియాప్సిస్ అనే రకం డైనో. నత్తలు చచ్చింది కూడా అందుకే, దాన్ని తింటే వాటికి విషం. ఇదే ఆంఫిడినియం అనే మరో రకం అయితే తిరగదు, కోడిగుడ్డు ఆకారంలో చిన్న ముక్కుతో జారుతూ వెళ్తుంది, ఇసుక వదలదు, దాని మీద యూవీ (నీళ్లను అతినీలలోహిత కాంతి గుండా పంపే పరికరం) పనిచేయదు. ఆస్ట్రియాప్సిస్ రాత్రి నీళ్లలోకి లేస్తుంది కాబట్టి యూవీకి దొరుకుతుంది. ఆ ఒక్క విషయంలో మనకు కలిసొచ్చింది.

5 నుంచి 9 వాట్ల యూవీ చాలు, కానీ నీళ్లు నేరుగా ట్యాంక్‌లోంచి తీసుకుని ట్యాంక్‌లోకే వదలాలి, మెల్లగా పారాలి. ఇరవై నాలుగు గంటలూ నడుపు. తాజా యాక్టివేటెడ్ కార్బన్ పెట్టు, విషాన్ని పీలుస్తుంది. జాగ్రత్తగా ఉండు, దీని విషాలు పాలీటాక్సిన్ కుటుంబానివే. 2005లో ఇటలీలోని జెనోవా తీరంలో ఆస్ట్రియాప్సిస్ విపరీతంగా పెరిగినప్పుడు సముద్రపు తుంపర్లు పీల్చిన సుమారు 200 మంది జ్వరం, దగ్గుతో వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. కాబట్టి పీల్చి తీసిన నీళ్లు చిమ్మకుండా చూసుకో, గ్లోవ్స్ వేసుకో.

ఇక నైట్రేట్, ఫాస్ఫేట్ పైకి తేవాలి. రాళ్లు, ఇసుక పోను నీ నీళ్లు 50 లీటర్లనుకుందాం. శుద్ధమైన సోడియం నైట్రేట్ 13.7 గ్రాములు ఒక లీటర్ ఆర్‌ఓ డీఐ నీళ్లలో కలిపితే, అందులోంచి 5 మి.లీ. పోసినప్పుడల్లా నైట్రేట్ 1 పీపీఎం పెరుగుతుంది. రోజుకు ఒకటి రెండు పీపీఎం మించకుండా 5 నుంచి 10 మధ్యకు తీసుకురా. ఫాస్ఫేట్‌కు రీఫ్ ట్యాంకుల కోసం అమ్మే ద్రావణమే వాడు, 0.05 నుంచి 0.1 మధ్య నిలబెట్టు. మొదట్లో పోసింది పోసినట్టు మాయమవుతుంది, రాళ్లు పీల్చేస్తాయి. కంగారుపడి ఎక్కువ పోయకు, రోజూ కొలుస్తూ కొంచెం కొంచెం పోస్తూ ఉండు. నీళ్లు మార్చడం కొన్ని వారాలు ఆపు, పీల్చి తీసినంత మాత్రం తిరిగి నింపు. ఆల్కలినిటీ 8 దగ్గరే ఉంచు, ఫాస్ఫేట్ లేనప్పుడు అది 10 దాటితే పగడాల కొసలు కాలిపోతాయి.

అలజడి

మొదట్లో సున్నాకి దించమన్నది నేనే. నా ట్యాంక్‌లో పనిచేసింది, అది లైవ్ రాక్‌తో (జీవాలున్న సముద్రపు రాళ్లతో) పెట్టిన పాత ట్యాంక్, ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు. సారీ బ్రో. నా దగ్గర ఒక చిన్న యూవీ ఖాళీగా ఉంది, కావాలంటే పంపిస్తాను.

నీలికాంతి

ఒక చిన్న సందేహం. నైట్రేట్, ఫాస్ఫేట్ 16కి 1 నిష్పత్తిలో ఉండాలని చదివాను, ఇక్కడ అది పాటించాలా?

పగడాలపడవ

అది ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త సముద్రపు ప్లాంక్టన్‌ను (నీటిలో తేలే చిన్న జీవాలను), నీటిని చూసి చెప్పిన లెక్క. కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ 106:16:1 అనేది ప్లాంక్టన్ శరీరంలో పరమాణువుల నిష్పత్తి. టెస్ట్ కిట్‌లో కనబడే పీపీఎంలకు దాన్ని నేరుగా అంటించకూడదు. రెండూ కొలతకు అందేలా, రోజురోజుకూ ఎగుడుదిగుడు లేకుండా ఉంటే నాకు చాలు.

గవ్వలగూడు — మరో ఏడు వారాల తర్వాత

ఇంతకాలం రాయలేదు, కుదుటపడ్డాకే రాద్దామని ఆగాను. అలజడి అన్న పంపిన యూవీ పెట్టిన నాలుగో రోజు నుంచే నీళ్లు తేటగా కనబడ్డాయి. తీగలు పూర్తిగా పోవడానికి మూడు వారాలు పట్టింది. ఫాస్ఫేట్ నిలబెట్టడమే కష్టమైంది, పదహారు రోజుల పాటు పొద్దున పోస్తే సాయంత్రానికి సున్నా, పదిహేడో రోజు మొదటిసారి 0.03 నిలిచింది. ఇప్పుడు నైట్రేట్ 7, ఫాస్ఫేట్ 0.07, పది రోజులుగా పోయడం మానేసినా దాదాపు అక్కడే ఉంది. మధ్యలో ఇసుక మీద ఎర్రటి సయనో పొర వచ్చింది. మందు వేద్దామనుకున్నాను కానీ సముద్రం అన్నకు మెసేజ్ పెడితే ఆ మందులతో నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ముందు పీలుస్తూ పంపు తిప్పి చూడు అన్నారు. రెండు వారాలు పీల్చాను, పోయింది.

హ్యామర్ పూర్తిగా తెరుచుకుంది. నిన్న చూస్తే ఒక తల రెండుగా చీలుతోంది. వెనక అద్దం మీద గులాబీ రంగు కోరలైన్ (రాయిలా గట్టిగా అంటుకుని పెరిగే మంచి పాచి) చుక్కలు మొదలయ్యాయి. నాలుగు ట్రోకస్‌లు తెచ్చాను, రాత్రుళ్లు అద్దం మీద వాటి దారులు చూస్తూ కూర్చుంటున్నాను. పంపు మూతి దగ్గర మాత్రం పచ్చ కుచ్చు ఒకటి గోరంత ఉంది, నత్తలకు అందడం లేదు. ఇంత ఉంటే పర్వాలేదా?

సముద్రం14

హ్యామర్ ఫోటో పెట్టు తమ్ముడూ, చూడాలని ఉంది. ఆ కుచ్చు మాత్రం వదలకు, మూతి విప్పి బయటకు తీసి, బ్రష్‌తో రుద్ది, ఈ సాయంత్రమే తిరిగి బిగించెయ్.